యువత కోసం పెట్టే కౌన్సెలింగ్ కేంద్రంలో ఏయే నిర్ణయాలు యువతకే వదలాలి?

ఎలహంక మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువతీయువకుల కోసం మన తెలుగు సంఘం భవనంలో శని, ఆదివారాల్లో ఒక కౌన్సెలింగ్ కేంద్రం నడపాలని కార్యవర్గం సూత్రప్రాయంగా నిర్ణయించిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 16 నుంచి 25 ఏళ్ల వారిని దృష్టిలో పెట్టుకున్నాము. ఇందుకోసం వేసిన కమిటీలో ఇద్దరు వైద్యులు, ఒక విశ్రాంత బ్యాంకు అధికారి, నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. యాభై ఏళ్ల లోపు వారు ఒక్కరూ లేరు. ఇద్దరు యువ సభ్యులను చేర్చుకుందామని నేను ప్రతిపాదించినప్పుడు ఎవరూ కాదనలేదు కానీ, వారు వచ్చి ఏం చేయాలని అడిగితే మాత్రం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందుకే ఈ చర్చను ఇక్కడ పెడుతున్నాను.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ల లోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ల లోపు మొదలవుతాయని అమెరికాలో 2005లో వెలువడిన ఒక పెద్ద సర్వే చెప్పింది. తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పుకొనే హక్కు పిల్లలకు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం అంటుంది. మన దేశం 1992లోనే ఆ ఒడంబడికలో చేరింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కేంద్ర, రాష్ట్ర ప్రాధికార సంస్థల్లో మానసిక రుగ్మతను అనుభవించినవారికి, వారిని చూసుకొనేవారికి సభ్యత్వం కల్పించింది గానీ, యువతకంటూ విడిగా స్థానం పెట్టలేదు. చట్టంలో లేకపోయినా మనం పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు కదా. ఎలా పెట్టుకోవాలో చెప్పండి.

మారతహళ్ళి పీజీ వాసి

మాస్టారూ, నమస్కారం. మీ ఉద్దేశాన్ని శంకించడం లేదు గానీ, ఇద్దరిని చేర్చుకున్నంత మాత్రాన కమిటీ ఫోటోలో నల్లజుట్టు వాళ్లు ఇద్దరు కనిపిస్తారు తప్ప మరేమీ మారదని నా అనుమానం. సమయం, గది, ఫీజు, కౌన్సెలర్ అన్నీ ముందే ఖాయం చేసుకుని, చివర్లో మమ్మల్ని పిలిచి “మీకేమైనా సూచనలు ఉన్నాయా?” అని అడిగితే, పోస్టరు రంగు గురించి చెప్పడం తప్ప మాకు మిగిలేదేమీ ఉండదు.

బయటినుంచి చూసేవారికి తట్టనివి మాకు ఎందుకు తడతాయో ఒక ఉదాహరణ చెబుతాను. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరు గురించి మీ అందరికీ తెలుసు. 2022 అక్టోబరు 10న మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు, పైగా దాని జాతీయ కేంద్రం మన ఊళ్లోని నిమ్హాన్సే. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నలుగురు ఉండే పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలోంచి ఆ నంబరుకు ఎలా ఫోన్ చేయాలి? నాతో ఉండే అబ్బాయి ఒకసారి రాత్రి పదకొండు దాటాక డాబా మీదికి వెళ్లి, వాటర్ ట్యాంకు వెనక నిలబడి మాట్లాడాడు. బట్టలు తీసుకోవడానికో, సిగరెట్టు తాగడానికో ఎవరైనా మెట్లెక్కి వచ్చినప్పుడల్లా “ఆ అమ్మా, తిన్నానమ్మా” అంటూ ఇంటికి మాట్లాడుతున్నట్టు నటించాడు. అవతల కౌన్సెలర్ ఏమనుకున్నారో తెలియదు గానీ, వాడు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు. మన కేంద్రంలో కౌన్సెలింగ్ సంగతి అటుంచి, తలుపు వేసుకుని గంటసేపు ఫోన్ మాట్లాడుకోవడానికి ఒక చిన్న గది ఇచ్చినా అది పెద్ద సేవే అవుతుంది. ఇలాంటి ఆలోచన యాభై ఏళ్లు దాటిన కమిటీకి రాకపోవడంలో వారి తప్పేమీ లేదు, వారెవరూ పీజీలో ఉండరు కాబట్టి.

ఆదివారం ఉదయం పది గంటలకు పెడితే అదీ మాకు పనికిరాదు. రాత్రి షిఫ్టుల వాళ్లు అప్పుడే పడుకుంటారు. కాబట్టి నేను అడిగేది ఒక్కటే: ఏ నిర్ణయాల్లో మాది చివరి మాట, వేటిలో మాది కేవలం అభిప్రాయం అన్నది మమ్మల్ని పిలవడానికి ముందే రాసి చూపించండి.

జయనగర సోషల్ వర్కర్

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను. పై సభ్యుడు అడిగిన ప్రశ్న ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నదే. 1992లో యూనిసెఫ్ ప్రచురించిన ఒక వ్యాసంలో రోజర్ హార్ట్ పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించి, కింది మూడు మెట్లను అసలు భాగస్వామ్యమే కాదన్నారు: పెద్దల మాటను పిల్లల నోట పలికించడం, వేదిక మీద అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం. 2007లో లారా లండీ దీన్ని మరింత పనికొచ్చేలా చెప్పారు: మాట్లాడేందుకు చోటు ఉండాలి, చెప్పగలిగే సాయం ఉండాలి, వినవలసినవారు ఎదురుగా ఉండాలి, విన్నదాని వల్ల ఏదో ఒకటి మారాలి. మన దగ్గర మొదటి రెండూ దొరుకుతాయి. యువజనోత్సవాలకూ, వ్యాసరచన పోటీలకూ కొదవ లేదు. మూడోది అరుదు. నాలుగోది నేను చూసిన చోట్ల దాదాపు లేదు.

ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్ అనే మానసిక ఆరోగ్య కేంద్రాలను ఈ చర్చల్లో తరచూ ప్రస్తావిస్తారు. అవి 12 నుంచి 25 ఏళ్ల వారికోసం ప్రత్యేకంగా పెట్టినవి, యువ సలహా బృందాలు వాటి నిర్మాణంలో భాగం. అయితే అక్కడి ప్రభుత్వ నిధులు మన సంఘానికి లేవు కాబట్టి ఇక్కడివి చూద్దాం. గోవాకు చెందిన సంగాత్ సంస్థ ‘ప్రైడ్’ కార్యక్రమం కింద ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో, సైకాలజీ డిగ్రీ లేని శిక్షణ పొందిన కౌన్సెలర్లతో, బొమ్మల కథల పుస్తకాల సాయంతో, సమస్యను విడగొట్టి పరిష్కరించుకొనే పద్ధతిని నేర్పింది. దాని రూపకల్పనలో విద్యార్థుల మాటను పదేపదే తీసుకున్నారు. కర్ణాటకలో నిమ్హాన్స్, రాష్ట్ర యువజన సాధికారత, క్రీడా శాఖ కలిసి నడిపే యువస్పందన అనే యువ మార్గదర్శన కేంద్రాలను జిల్లా స్టేడియంలలో పెట్టారు. ఆసుపత్రి గేటు దాటడానికి జంకే కుర్రవాడు స్టేడియంలోకి జంకు లేకుండా వెళ్తాడు, అందువల్ల స్థలం ఎంపిక కూడా చికిత్సలో భాగమేనని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2014లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ కౌమార ఆరోగ్య పథకం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో 10 నుంచి 19 ఏళ్ల వారికి ఆరోగ్య విషయాలు చెప్పడానికి తోటివారికే శిక్షణ ఇచ్చి పెట్టారు. అది మంచి పనే. కానీ పెద్దలు రాసిన సందేశాన్ని పిల్లలు మోసుకెళ్లడం వేరు, సందేశం ఏమిటో పిల్లలు తేల్చడం వేరు. మన కేంద్రంలో యువ సభ్యులు జీతం లేని ప్రచారకులుగా మారకుండా చూసుకోవాలి. అలాగే ప్రాణాపాయం ఉన్నవారి విషయంలో ఏం చేయాలి, మందులు వాడాలా వద్దా, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలి అన్నవి వారి మీద పెట్టకూడదు. అవి శిక్షణ, చట్టపరమైన బాధ్యత ఉన్నవారివి.

బాణసవాడి తల్లి

అందరూ చదువుకున్నవారే కాబట్టి నా మాట పాతకాలపుదిగా అనిపించవచ్చు. మా అబ్బాయికి పదిహేడేళ్లు, పీయూసీ రెండో సంవత్సరం. కన్నవాళ్లకు తెలియకుండా వాడు ఒక పరాయి మనిషి దగ్గర కూర్చుని ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటాడంటే నాకు మనసు ఒప్పదు. యువతకు చోటు, యువతకు నిర్ణయం అంటున్నారు. తల్లిదండ్రులకు కమిటీలో చోటు ఇవ్వమని ఇంతవరకు ఒక్కరైనా అడిగారా? రేపు వాడికి ఏదైనా అయితే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తేది మేమే.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం

అమ్మగారూ, మీ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మ కూడా ఇదే అంటుంది. అయినా నాకు జరిగినది చెబితే ఆ గోప్యత ఎందుకు అడుగుతున్నామో మీకూ తెలుస్తుంది.

నిరుడు నిద్ర పట్టక, చదువు మీద దృష్టి నిలవక నగరంలోని ఒక ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికే నాకు పందొమ్మిదేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ కౌంటరులో పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, మొబైల్ నంబరు అడిగారు. ఇంతకుముందు జ్వరానికి వచ్చినప్పుడు నాన్న రాయించిన నంబరే కంప్యూటరులో ఉంది. మార్చాలా అని వారు అడగలేదు, మార్చమని చెప్పాలని నాకు తోచలేదు. నేను ఓపీ చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నంతలోనే, సైకియాట్రీ విభాగంలో నా అపాయింట్‌మెంట్ ఖరారైందని నంద్యాలలో దుకాణంలో కూర్చుని ఉన్న మా నాన్నకు సందేశం వెళ్లింది. లోపలికి పిలిచేలోపే ఆయన ఫోన్ వచ్చింది. నేను డాక్టరును కలవకుండానే హాస్టలుకు వచ్చేశాను. తరువాత ఇంట్లో చెప్పాను, నాన్నే వెంట వచ్చి మళ్లీ చూపించారు. ఆయన మంచివారే. కానీ ఆ మాట నా నోటితో, నేను ఎంచుకున్న రోజున చెప్పి ఉండాల్సింది.

ఆ ఆసుపత్రిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఆ ఫారాన్ని ఖాయం చేసే ముందు మా వయసు వారి చేతికి ఇచ్చి ఉంటే అయిదు నిమిషాల్లో పట్టుకునేవాళ్లం. అందుకే నన్ను అడిగితే, కమిటీ సమావేశాల్లో కుర్చీ కన్నా ముందు ఆ ఫారం మా చేతికి ఇవ్వండి అంటాను.

కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారు కదా అంటారేమో. విశాఖపట్నంలో ఒక పదిహేడేళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలనీ, టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలనీ ఆదేశించింది. మా కాలేజీలోనూ ఒక మేడమ్‌ను నియమించారు. ఆమె గది ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంది, బయట అటెండెన్సు తక్కువైనవాళ్లు కూర్చునే బెంచీ ఉంది. ఆ తలుపు తట్టినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

జయనగర సోషల్ వర్కర్

బాణసవాడి సోదరి అడిగినదానికి సూటిగా సమాధానం చెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారికి సాధారణంగా చట్టబద్ధ సంరక్షకులే నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయాల్లో వారి తరఫున నిలబడే వ్యక్తి; చికిత్సకు సమ్మతి కూడా వారి ద్వారానే రావాలి. కాబట్టి మీ అబ్బాయి విషయంలో మిమ్మల్ని పక్కన పెట్టి ఎవరూ చికిత్స మొదలుపెట్టరు. చెన్నైలోని మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థ స్కార్ఫ్, కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కలిసి, తొలిసారి సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియని తీవ్ర మానసిక స్థితి) బారిన పడిన యువతపై చేసిన అధ్యయనాల్లో, చెన్నైలో కుటుంబాలు చికిత్స బృందంతో ఎంతో ఎక్కువగా సంబంధం పెట్టుకున్నాయని కనిపించింది. మన దగ్గర కుటుంబాన్ని వదిలేసి సేవను ఊహించడం అవివేకమే.

అయితే సమ్మతి ఇవ్వడం వేరు, గదిలో చెప్పిన ప్రతి మాట తెలుసుకోవడం వేరు. ఏది ఇంటికి చెబుతారో, ఏది చెప్పరో మొదటి రోజే తెలిస్తే సగం భయం పోతుంది. ప్రాణాపాయం ఉంటే చెబుతాము. పద్దెనిమిదేళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం మా విధి, అందులో మినహాయింపు లేదు. ఈ హద్దులను మేమే రాస్తే అది వకీలు నోటీసులా ఉంటుంది. నేను నియమాలు చెబుతాను, ఆ ఒక్క పేజీని పైన రాసిన ఇంజనీరింగ్ విద్యార్థినిలాంటి వారు తమ మాటల్లో రాయాలి, తరువాత బాణసవాడి సోదరి లాంటి తల్లి ఒకరు చదివి అర్థం కాని చోట గీత గీయాలి.

ఎలక్ట్రానిక్ సిటీ కోశాధికారి

ఆలోచనలు బాగున్నాయి గానీ, లెక్కలు చూసేవాడిగా రెండు ప్రశ్నలు. యువ సభ్యులకు డబ్బు ఇవ్వాలా? ఇస్తే ఏ పద్దు కింద? రెండవది, ఈ వయసు వారు ఒకచోట నిలవరు. ఉద్యోగం మారితే పీజీ మారుతుంది, సెమిస్టరు పరీక్షలు వస్తే మాయమవుతారు. గతంలో మన సాంస్కృతిక విభాగానికీ ఇదే జరిగింది.

మారతహళ్ళి పీజీ వాసి

కోశాధికారి గారూ, నిలవరన్నది నిజం, దాన్ని లోపంగా కాకుండా షరతుగా తీసుకుని నియమం రాద్దాం. ఇద్దరికి బదులు ఎనిమిది మందిని తీసుకుని, ఆరు నెలలకు సగం మంది మారేలా పెడితే ఒకరు వెళ్లిపోయినా పని ఆగదు. డబ్బు విషయంలో, కమిటీకి వచ్చే వైద్యులకు కారు ఉంది, మాకు లేదు. సిల్క్ బోర్డు కూడలి దాటి రావడానికి ఆటో ఖర్చు, ఒక పూట భోజనం, చేసిన పనికి కొంత పారితోషికం ఇవ్వడం దానం కాదు. సమావేశ ఖర్చుల పద్దు కిందే రాయవచ్చు.

ఇంకొక షరతు: మా గాయాలను వేదిక మీద చెప్పమని అడగకండి. “నేను డిప్రెషన్ నుంచి బయటపడ్డాను” అని మైకు పట్టుకుని చెబితేనే సలహా ఇవ్వడానికి అర్హత ఉన్నట్టు కొందరు నిర్వాహకులు ప్రవర్తిస్తారు. ఆ మాట యూట్యూబులో ఎక్కితే రేపు పెళ్లి సంబంధం దగ్గరా, ఉద్యోగం దగ్గరా మమ్మల్ని వెంటాడుతుంది.

మరొక విషయం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఈ వేదికలో రాస్తున్న మేమంతా ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లమే. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చినవారి పిల్లలు, సెక్యూరిటీ గార్డులు, రాత్రి పన్నెండింటికి బిర్యానీ తెచ్చి ఇచ్చే డెలివరీ కుర్రాళ్లు కూడా తెలుగు యువతే. దరఖాస్తు ఫారం ఆన్‌లైన్‌లో పెట్టి, “మీ గురించి 200 పదాల్లో రాయండి” అంటే మాలాంటివారే ఎనిమిది మందీ వస్తారు. సగం స్థానాలు వారికి ఉంచాలి, వారిని వెతుక్కుంటూ మనమే వెళ్లాలి.

కె.ఆర్. పురం మెస్

నేను పదేళ్లకు పైగా ఆంధ్రా మెస్ నడుపుతున్నాను, పెద్ద విషయాలు రాయడం నాకు రాదు. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో వంటవాడిని కాదు, తింటున్నవాడిని అడగాలి; ఈ కమిటీ సంగతీ అంతేనని అనిపించింది. పై అబ్బాయి చెప్పిన డెలివరీ కుర్రాళ్లు మధ్యాహ్నం మూడు నుంచి అయిదింటి వరకు మా మెస్ ముందే బండ్ల మీద కూర్చుని ఉంటారు. ఆ వేళలో లోపల బల్లలు ఖాళీ. మాట్లాడించాలనుకునేవారు రావచ్చు, టీ నేను పోయిస్తాను. అయితే బ్యానరు కట్టకండి. ‘మానసిక’ అన్న మాట కనిపిస్తే ఒక్కడూ లోపలికి రాడు.

ఎలహంక మాస్టారు

కమిటీ వారితో మాట్లాడి వచ్చాను. పనివేళలు, ఫోన్ గది, రిజిస్ట్రేషన్ ఫారం, గోప్యత పేజీ, ప్రచార సామగ్రి: ఈ అయిదింటిలో యువ బృందానిదే చివరి మాట. మిగతా విషయాల్లో వారి సూచనను కమిటీ తోసిపుచ్చితే, కారణాన్ని పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి, దాన్ని నోటీసు బోర్డులో పెట్టాలి. ఎనిమిది మంది, ఆరు నెలల మార్పు, ప్రయాణ ఖర్చు, పారితోషికం అంగీకరించారు. తల్లిదండ్రులకు రెండు స్థానాలు ఇస్తున్నాము; బాణసవాడి అమ్మగారు ఒప్పుకుంటే ఒకటి వారిది. మెస్ వారి ఆహ్వానానికి కృతజ్ఞతలు, మొదటి వారం నేనే వస్తాను.

తేలనిది ఒక్కటే. కౌన్సెలర్ ఎంపిక ఇంటర్వ్యూలో యువ సభ్యులు కూర్చోవడానికి ఇద్దరు వైద్యులూ సమ్మతించడం లేదు. అర్హతను బేరీజు వేసే శిక్షణ వారికి లేదని వారి అభ్యంతరం.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం

మాస్టారూ, డిగ్రీలు, అనుభవం, రిజిస్ట్రేషన్ పత్రాలు వైద్యులే చూడనివ్వండి, వాటిలో మేము వేలు పెట్టము. మాకు ఇరవై నిమిషాలు ఇస్తే చాలు. “పదిహేడేళ్ల అబ్బాయి వచ్చి, చదవలేకపోతున్నాను, అమ్మకు మాత్రం చెప్పకండి అన్నాడు, మొదట ఏమంటారు?” అని అడిగి, మాలో ఒకరు ఆ అబ్బాయిగా కూర్చుంటాము. కౌన్సెలర్ మా ముఖం చూసి మాట్లాడుతున్నారా, నోటు పుస్తకం చూసి మాట్లాడుతున్నారా, మధ్యలో ఉపన్యాసం మొదలుపెడుతున్నారా అన్నది చూడడానికి వైద్య శిక్షణ అవసరం లేదు. మాకు మార్కులు వేసే అధికారం వద్దు, ‘ఈయన దగ్గరికి మేము మళ్లీ వెళ్లము’ అని చెప్పే అధికారం మాత్రం కావాలి.

బాణసవాడి తల్లి

కమిటీ స్థానానికి ఒప్పుకుంటున్నాను. అమ్మాయి చెప్పిన ఆ ఇరవై నిమిషాలు ఇవ్వాలని నా తరఫున కూడా వైద్యులకు చెప్పండి. “అమ్మకు చెప్పకండి” అన్న మాటకు ఆ కౌన్సెలర్ ఏం బదులిస్తారో నేనూ అక్కడ కూర్చుని వినాలి, తరువాత అమ్మగా నా ప్రశ్న ఒకటి అడగాలి. గోప్యత పేజీ రాయడం పూర్తయితే నాకు పంపండి, ఎర్ర పెన్నుతో చదివి ఇస్తాను.

మారతహళ్ళి పీజీ వాసి

ఇంటర్వ్యూ మాత్రం ఆదివారం ఉదయం పెట్టకండి. బుధవారం సాయంత్రం ఏడు తరువాత అయితే నేనూ, మా గదిలోని అబ్బాయీ వస్తాము. అభ్యర్థి ముందు కూర్చునే పని తనకు ఇవ్వమని వాడే అడిగాడు.